నాలుగు వేళ్ల పొడవు

పెంటయ్య పెట్టె మూత మూసి, బిగువు చూడటానికి సందులో ఉంచిన కాగితపు పీలికను మెల్లగా లాగాడు. అది కదల్లేదు. కాస్త గట్టిగా లాగితే చిరిగి సగం చేతిలోకి వచ్చింది. తల ఊపి, మూత ఎత్తి, మరో పీలికను రెండో మూలలో పెట్టి మళ్లీ మూశాడు. ఈసారి పీలిక జారి వచ్చేసింది. మూతను అక్కడ ఆననివ్వని చిన్న ఉబ్బును వేలితో తడిమి, ఆకురాయి తీసుకుని దాన్ని రెండు మూడు సార్లు రాశాడు. రేకు పొడిని నోటితో ఊదాడు. ఊదేటప్పుడు కళ్లు మూసుకోవడం చిన్నప్పటి అలవాటు.

కూకట్‌పల్లి దాటాక బొంబాయి రోడ్డు పక్కన, జొన్న చేలను ఆనుకుని ఉన్న రేకుల షెడ్డు అది. బయట గట్ల వెంట తంగేడు విరగబూసింది. లోపల ఒక కొసన ఇంజనీర్లు యంత్రాల లోపలి భాగాలు కూర్చుతారు. రెండో కొసన ఆ యంత్రాలకు ఇనుప పెట్టెలు తయారవుతాయి. ఆ రెండో కొస పెంటయ్యది. షెడ్డు కట్టిన ఏడాది నుంచీ అక్కడే ఉన్నాడు. మనిషి పొట్టి. ఏళ్ల తరబడి వంగి పనిచేయడంతో మెడ ముందుకు సాగింది. ఎడమ బొటనవేలి గోరు ఎప్పుడో సుత్తి దెబ్బకు ఊడిపోయి, మళ్లీ వంకరగా మొలిచింది. ధోవతి మీద ఖాకీ చొక్కా వేసుకుంటాడు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉంటుంది.

ఇప్పుడు అతని ముందున్న ఆకుపచ్చ పెట్టె ఒక కంప్యూటర్‌ది. అంతకు ముందు నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచేసిన తరవాత, తీరంలో తుఫాను జాడ కనిపెట్టే ఒక కేంద్రం కోసం ఆ యంత్రాన్ని తయారుచేయమన్నారు. తుఫాను ఎక్కడుందో, ఎటు కదులుతోందో లెక్కగట్టి, తెర లాంటి అద్దం మీద గీతలుగా గీసి చూపించాలి. తుఫానుల కాలం మళ్లీ దగ్గర పడింది. ఆ కేంద్రానికి వెళ్లాల్సిన స్తంభాలూ తీగలూ ఎక్కించుకుని లారీ ఆ సాయంత్రమే బయలుదేరుతుంది. దాంతోపాటే ఈ పెట్టె కూడా వెళ్లాలి.

షెడ్డు అవతలి కొస నుంచి ఇంజనీరు పార్థసారథి వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి, సన్నగా ఉంటాడు, కోస్తా మనిషి. షెడ్డులో పెంటయ్యను ‘మీరు’ అని పిలిచేది అతనొక్కడే. రెండు చేతుల్లో పళ్లెం పట్టుకున్నట్టు ఒక పలకను పట్టుకొచ్చాడు. పలక నిండా నల్లని చిన్న చిన్న బిళ్లలు, వెండి రంగు చుక్కలు. యంత్రం లోపలి లెక్కలను అద్దం మీద గీతలుగా మార్చేది అదే. పేరు పలకడానికి పొడుగ్గా ఉందని షెడ్డులో అందరూ దాన్ని బొమ్మల కార్డు అనేవారు.

“వచ్చేసింది పెంటయ్యగారూ. నిన్న రాత్రి విమానంలో దిగిందట. పెట్టి చూద్దామండీ.”

పెంటయ్య మూత తీసి పక్కకు జరిగాడు. పార్థసారథి కార్డును గాడిలో పెట్టి మెల్లగా నెట్టాడు. అది జారుతూ వెళ్లి, ఖంగుమని వెనక గోడకు తగిలి ఆగిపోయింది. ఇంకా బయట మిగిలే ఉంది. తీసి, తిప్పి, మళ్లీ పెట్టాడు. అంతే. పెంటయ్య వంగి, బయట మిగిలిన కార్డు అంచుకు తన వేళ్లు ఆనించి చూశాడు.

“నాలుగు వేళ్లు ఎక్కువున్నది సార్.”

“అదెలా? మనం అడిగిన రకమే కదా...” పార్థసారథి కార్డు మూల మీది అక్షరాలు చదివాడు. ముఖం పాలిపోయింది. వాళ్లు అడిగిన పొట్టి రకాన్ని తయారుచేయడం మానేశారట. దాని బదులు అదే పని చేసే కొత్త రకాన్ని పంపారు. కొత్తది మేలైనదే, పొడుగైనది కూడా.

తప్పు ఎవరిదీ కాదు. పెట్టెను పాత కొలతలకు చేశారు. ఆ కొలతలు పార్థసారథి ఇచ్చినవే, పెంటయ్య వెంట్రుకవాసి తేడా లేకుండా చేశాడు. కానీ తప్పు ఎవరిదీ కాదన్నంత మాత్రాన మూత పడదు కదా. మేనేజరు రామ్మోహనరావు వచ్చి పెట్టెనూ కార్డునూ మార్చి మార్చి చూసి, తల పట్టుకున్నాడు.

“పోనీ మూత తీసేసి, కార్డు అలాగే బయటికి ఉంచి పంపిస్తే? పైన ప్లాస్టిక్ కాగితం కప్పుదాం. అక్కడికెళ్లాక వాళ్లే ఏదో ఒకటి చేసుకుంటారు.”

“ఉప్పుగాలండీ అక్కడ,” అన్నాడు పార్థసారథి. “నెల తిరక్కుండా లోపలంతా తుప్పు పట్టేస్తుంది. అవసరమైన రోజున పనిచేయదు.”

పార్థసారథి ఏదో గుర్తొచ్చినట్టు ఆఫీసు గదిలోకి వెళ్లి టెలిఫోను తిప్పడం మొదలుపెట్టాడు. చాలాసేపటికి బయటికొచ్చాడు. నగరంలో ఒక కాలేజీలో ఇలాంటి పాత యంత్రం మూలన పడి ఉందనీ, దాంట్లో పొట్టి రకం కార్డు ఉండొచ్చనీ, వచ్చి చూసుకోమన్నారనీ చెప్పాడు.

“పదండి పెంటయ్యగారూ. ఇరుకో వెడల్పో మీరైతే చూడగానే చెబుతారు.”

పెంటయ్య ఒక అట్ట పెట్టె చింపి, పెట్టె లోపలి పొడవుకూ గాడి వెడల్పుకూ సరిపోయేలా ఒక ముక్క కత్తిరించాడు. పట్టే కార్డు ఆ అట్టకు మించకూడదు, అంతే. అట్టను ఒళ్లో పెట్టుకుని స్కూటరు వెనక కూర్చున్నాడు. గాలికి అది ఎగిరిపోకుండా రెండు చేతులా అదిమి పట్టుకున్నాడు.

ఎర్రగడ్డ దగ్గర రైల్వే గేటు వేసి ఉంది. గూడ్సు బండి ఎంతకీ రాలేదు. పార్థసారథి స్కూటరు ఆపి కిందికి దిగాడు. ఎండ మాడుస్తోంది. పట్టాల వైపు చూస్తూ, తనలో తాను చెప్పుకుంటున్నట్టు మొదలుపెట్టాడు.

“మా అక్క రాజరాజేశ్వరిని దివిలోనే ఇచ్చామండీ. ఉప్పెన తరవాత నాలుగో రోజుకి గానీ నేను ఆ ఊళ్లోకి వెళ్లలేకపోయాను. ఇల్లు లేదు. గోడలు లేవు. వీధి ఎటుందో కూడా తెలియలేదు. ఊరి చివర తుమ్మచెట్టు కొమ్మల్లో ట్రంకు పెట్టె ఒకటి ఇరుక్కుని కనిపించింది. అక్కదే. మూత మీద పేరు రాసుంది. తెరిచి చూస్తే లోపల బట్టలు పొడిగానే ఉన్నాయండీ. ఒక మూల మాత్రం కాస్త తడిసింది.”

పెంటయ్య అట్టను అటూ ఇటూ తిప్పాడు. తన జీవితంలో సగం ట్రంకు పెట్టెలు చేయడంతోనే గడిచింది. నిజాంపేటలో తండ్రి కట్టెల పొయ్యి పక్కన కూర్చుని రేకు వంచుతుంటే, పక్కన కూర్చుని సుత్తి పట్టడం నేర్చుకున్నాడు. బిందెలు, డబ్బాలు, చేదలు, పెండ్లిళ్ల కాలం వస్తే ట్రంకులు. ట్రంకు చేయడమంటే మూత చేయడమే అనేవాడు తండ్రి. నలుపక్కలా గోడలు ఎవడైనా వంచుతాడు, మూత దగ్గరే అసలు పని.

“పెట్టె ఎవరు చేసిండ్రు సార్?” అని అడిగాడు చివరికి.

“తెలియదండీ. బందరులో కొన్నారేమో.”

“మంచిగ జేసిండు,” అన్నాడు పెంటయ్య. ఇంతలో గూడ్సు బండి వచ్చింది.

కాలేజీలో ఆ యంత్రమున్న గదికి పెద్దగా ఉన్న లెక్చరరు రత్నమాల వాళ్లను లోపలికి తీసుకెళ్లింది. కళ్లజోడు, నేత చీర, చేతికి ఇంకు మరకలు. మూలనున్న యంత్రం మీది దుప్పటి తీసి, దుమ్ము దులిపి, తనే తలుపు తెరిచింది. లోపల కార్డులు పుస్తకాల్లా వరుసగా ఉన్నాయి.

“ఇందులో బొమ్మలు గీసేవి రెండున్నాయండీ. ఏది మీకు పనికొస్తుందో చూసుకోండి. ముందే చెబుతున్నా, ఇది ఆడి ఏడాది దాటింది. పనిచేస్తుందని నేను మాటివ్వలేను.”

మొదటి కార్డును అట్ట మీద పెడితే పొడవు సరిపోయింది. కానీ దాని మీది బిళ్లలు మరీ ఎత్తుగా ఉన్నాయి. పెట్టెలో పక్క కార్డుకు ఒరుసుకుంటాయని పెంటయ్య రెండు చేతులూ దగ్గరగా పెట్టి చూపించాడు. రెండోది పొడవు సరిగ్గా ఉంది, మందం సరిగ్గా ఉంది. కింద వరుసగా ఉన్న ఇత్తడి పళ్లను పార్థసారథి లెక్కబెట్టుకుని, గాఢంగా ఊపిరి వదిలాడు. రత్నమాల దాన్ని పాత నూలు గుడ్డలో చుట్టి ఇచ్చింది.

“మీ కేంద్రం నడవాలండీ. పోయినేడాది మా విద్యార్థుల్ని తీసుకుని శవాలు ఏరడానికి వెళ్లాను నేను,” అన్నది గుమ్మం దాకా వచ్చి. వాళ్లిద్దరూ నమస్కారం పెట్టి వచ్చేశారు.

షెడ్డుకు తిరిగొచ్చేసరికి అన్నం వేళ దాటిపోయింది. పెంటయ్య సద్ది మూట విప్పకుండానే పెట్టె దగ్గరికి వెళ్లాడు. ఈసారి కార్డు గాడిలో జారుతూ వెళ్లి, టక్కుమని పళ్ల దగ్గర కూర్చుంది. మూత వేశాడు. పీలిక పెట్టి లాగాడు. కదల్లేదు. నాలుగు మూలలా కదల్లేదు. షెడ్డులో ఉన్నవాళ్లంతా చుట్టూ చేరారు. రామ్మోహనరావు ముఖంలో మొదటిసారి నవ్వు కనిపించింది.

పార్థసారథి యంత్రానికి కరెంటు పెట్టాడు. అద్దం మీద ఎడమ సగంలో ఆకుపచ్చ గీత ఒకటి పాకింది. కుడి సగం చీకటి. మీటలు నొక్కాడు, ఆపి మళ్లీ వేశాడు. తీరం గీత ఎడమ సగంలోనే తెగిపోయింది, కుడి సగంలో ఏమీ రాలేదు. కార్డు తీసి బల్ల మీద పెట్టి, సీసం కరిగించే కడ్డీతో రెండు బిళ్లలు మార్చాడు. కడ్డీ పొగకు కళ్లలో నీళ్లొచ్చాయి. మళ్లీ పెట్టి చూస్తే, ఉన్న సగం కూడా పోయింది.

లారీ వచ్చి గేటు బయట ఆగింది. స్తంభాలు కట్టేసి ఉన్నాయి. డ్రైవరు చెట్టు కింద తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు.

“ఇక వచ్చే నెల పంపిద్దాం సారథీ,” అన్నాడు రామ్మోహనరావు మెల్లగా. “కొత్త పెట్టె చేయిద్దాం. నువ్వు చేయగలిగింది చేశావు.”

“వచ్చే నెల అంటే నవంబరండీ,” అన్నాడు పార్థసారథి.

పెంటయ్య పొడుగు కార్డును తీసుకుని, కళ్ల ముందు నిటారుగా పట్టుకుని చూస్తున్నాడు. తరవాత పెట్టె వెనక్కి వెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నాడు. జేబులోంచి సుద్దముక్క తీసి, వెనక గోడ మీద ఒక నలుచదరం గీశాడు.

“పెట్టెను కోస్త సార్.”

“ఏంటి?”

“కార్డు గోడకు తాకుతున్నది. గోడ లేకుంటె ఏం తాకది. గీడ కోసి, ఎనకకెల్లి చిన్న గూడు కడ్త. నాలుగు వేళ్ల పొడుగు గూట్లకు పోతది. ఇగ మూత ఎప్పటి లెక్కనె పడ్తది.”

రామ్మోహనరావు నోరు తెరిచాడు. “పెంటయ్యా, రంగు వేసి, తనిఖీ అయిపోయిన పెట్టె అది. ముద్ర కూడా పడింది. ఇప్పుడు కోస్తే, అది పనికిరాకుండా పోతే?”

“గిప్పుడు మాత్రం పనికొస్తున్నదా సార్?”

ఆ మాటలో ఎదిరింపు లేదు, నిజంగానే అడిగాడు. రామ్మోహనరావు పార్థసారథి వైపు చూశాడు. పార్థసారథి ఒక్క క్షణం ఆలోచించి, మళ్లీ తనిఖీ చేసి సంతకం తాను పెడతానన్నాడు.

“కోయండి పెంటయ్యగారూ.”

కోయడం అనుకున్నంత తేలిక కాలేదు. మందపు రేకు. మూలల్లో ముందు రంధ్రాలు వేసి, ఒక రంధ్రంలోంచి సన్నని రంపపు బద్ద దూర్చి, సుద్దగీత వెంట కోయాలి. బద్ద రెండుసార్లు విరిగింది. చెమట కారి సుద్దగీత చెరిగితే మళ్లీ గీసుకున్నాడు. ఆకుపచ్చ రంగు పొడిలా రాలుతుంటే, ఆ పెట్టెకు తానే వారం పాటు నునుపు చేసి రంగు వేయించిన సంగతి గుర్తొచ్చింది. చేయి ఆగలేదు.

తొందరలో చేసిన మొదటి గూడు చెడిపోయింది. ఒక అంచు వేలెడు తక్కువ కోశాడు. తండ్రి ఉంటే నెత్తిన మొట్టేవాడు. దాన్ని పక్కకు విసిరేసి, రెండో రేకు తీసి, ఈసారి ఊపిరి బిగబట్టి కొలిచాడు. వంచి, మూలలు అతికించి, అంచు చుట్టూ రబ్బరు పట్టీ వేసి, మరలు బిగించే రంధ్రాలు పెట్టి తెచ్చాడు. కార్డు లోపలికి వెళ్లింది. చివరి నాలుగు వేళ్లూ గూట్లోకి చేరాయి. పార్థసారథి యంత్రం నడిపి, కాసేపటికి గూడు మీద చేయి పెట్టి వెనక్కి లాక్కున్నాడు.

“కాలిపోతోందండీ. ఈ చివరే ఎక్కువ వేడెక్కుతుంది. ఇలా ఉంటే కార్డు ఉడికిపోతుంది.”

“బొక్కలు పెడితే?”

“ఉప్పుగాలి వస్తుంది.”

ఇద్దరూ నేల మీద చతికిలబడ్డారు. పెంటయ్య బీడీ తీసి, వెలిగించకుండానే మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. బొక్కలు లేని పెట్టెలో వేడిని ఎటు పంపాలో అతను ఎప్పుడూ ఆలోచించాల్సి రాలేదు. ట్రంకులో పట్టుచీరలకు వేడి పుట్టదు.

పార్థసారథి ఉన్నట్టుండి లేచి, తన బల్ల సొరుగులోంచి అరచేయంత పంకా ఒకటి తెచ్చాడు. “బయటి గాలి అక్కర్లేదండీ. లోపలి గాలినే గూట్లోకి తిప్పుదాం. వేడి ఒక్కచోట నిలవకుండా పెట్టె గోడలన్నిటికీ పాకుతుంది. ఇంత రేకుంది, అదే చల్లారుస్తుంది. దీన్ని పెట్టడానికి చోటివ్వగలరా?”

“ఇస్త. జర పక్కకు జరుగుండ్రి.”

పంకాకు రేకు చెవులు రెండు వంచి బిగించాడు. గూడును మూడోసారి, ముందటి కంటే కాస్త వెడల్పుగా చేశాడు. ఈసారి పార్థసారథి గూడు మీద అరచేయి పెట్టి, తీయకుండా అలాగే ఉంచాడు. వెచ్చగా ఉంది, అంతే.

అద్దం మీద ఆకుపచ్చ గీత ఒకటి కింది నుంచి బయలుదేరి, వంకరలు తిరుగుతూ పైదాకా పాకింది. ఒకచోట ఏనుగు చెవిలా ఉబ్బి, లోపలికి మడతపడి, మళ్లీ సాగింది. పార్థసారథి వేలితో అక్కడ తాకాడు.

“ఇది దివి.”

పెంటయ్య కళ్లు చికిలించి చూశాడు. “సముద్రం ఏడున్నది సార్?”

“గీతకు ఇటు భూమి. అటు సముద్రం.”

“అటు ఏం లేదు గద.”

“అవునండీ. అటు ఏమీ గీయరు.”

పెంటయ్య ఆ ఖాళీ వైపే చూస్తూ నిలబడ్డాడు. సముద్రం అతను చూడలేదు. హయత్‌నగర్ దాటి తూర్పుకు ఎప్పుడూ పోలేదు. పదహారేళ్లప్పుడు చిన్నాయన కొడుకు బొంబాయి రమ్మన్నాడు. అక్కడి పెట్టెల కార్ఖానాలో పని ఇప్పిస్తానన్నాడు. దుప్పటి మూట కట్టుకుని రోడ్డు మీదికి వచ్చాడు కూడా. ఆ రోజే తండ్రికి చేయి కాలింది, పెండ్లివాళ్ల ట్రంకులు మూతలు లేకుండా ఉన్నాయి. మూతలు వేసి పోదామని ఇంటికి తిరిగి వచ్చాడు. ఆ మూతల తరవాత వేరేవాళ్ల మూతలు వచ్చాయి. అలాగే నడిచిపోయింది. దాని గురించి అతను బాధపడిన గుర్తు కూడా లేదు. భార్య కిష్టమ్మ ఎప్పుడైనా ఎత్తిపొడిస్తే నవ్వేవాడు.

సాయంత్రమైంది. డ్రైవరు లేచి హారను కొట్టాడు. మూత వేసి, పీలికలు నాలుగూ లాగి చూశాక, పార్థసారథి ఇంకో చిక్కు చెప్పాడు. కార్డును ఇలాగే ఉంచి పంపితే దారి కుదుపులకు దాని కొస విరిగిపోతుంది. విప్పి, దూదిలో చుట్టి వేరుగా తీసుకెళ్లాలి. అక్కడ మళ్లీ గూడు విప్పి, కార్డు పెట్టి, రబ్బరు పట్టీ సరిచేసి బిగించాలి.

“నేను వెళుతున్నాను కదా, బిగిస్తానండీ,” అన్నాడు పార్థసారథి.

పెంటయ్య మరలు ఒక్కొక్కటే విప్పి గుడ్డలో వేస్తున్నాడు. అన్నీ విప్పి, మూట ముడి వేశాక తలెత్తాడు.

“మీతోని కాదని గాదు సార్. నేను గూడ వస్త.”

రామ్మోహనరావు ఆశ్చర్యపోయాడు. “నువ్వా? వారం పడుతుందేమో పెంటయ్యా. బట్టలూ అవీ...”

“బట్టలకేమున్నది సార్. ఆడ గూడ మూత పడంగ జూడాలె నేను.”

గేటు దగ్గర కాపలా కాసే ఎల్లేశంది కూడా నిజాంపేటే. పెంటయ్య అతని దగ్గరికి వెళ్లి, “మా ఇంట్ల జెప్పు, సముద్రం కాడికి పోయిండని. ఫికర్ చేయొద్దను,” అన్నాడు. సద్ది మూట చంకన పెట్టుకుని, పనిముట్ల సంచి భుజాన వేసుకుని, ఎవరి చేయీ అందుకోకుండా లారీ ఎక్కాడు. ఆకుపచ్చ పెట్టె పక్కన, దానికి వీపు ఆనించి కూర్చున్నాడు. లారీ కదిలి, బొంబాయి రోడ్డు మీద నగరం వైపు తిరిగింది. కాసేపు దుమ్ము కనిపించింది, తరవాత అదీ లేదు.

ఎల్లేశం మాట కిష్టమ్మ నమ్మలేదు. ఒక రోజు చూసి, మర్నాడు పొద్దున్నే చీర కొంగు నడుముకు దోపుకుని పొలాల గట్ల మీదుగా షెడ్డుకు వచ్చింది. చేతిలో ఉతికిన ధోవతి, చొక్కా ఉన్నాయి. షెడ్డు ఊడుస్తున్న సక్కుబాయి ఎదురైంది.

“అక్కా, నిజం జెప్పు. మా ముసలోడు ఏ దవాఖానల ఉన్నడు?”

“దవాఖాన ఏంది చెల్లె, మంచిగున్నడు. లారీ ఎక్కి పోయిండు. నేనే జూసిన.”

“సముద్రం కాడికి? మా ఆయన? యాదగిరిగుట్టకు రమ్మని ఎన్నేండ్ల సంది మొత్తుకున్న, పనున్నదని ఒక్కనాడు రాలె. గాయన సముద్రం కాడికి పోయిండంటే ఎట్ల నమ్మాలె నేను?”

సక్కుబాయి ఆమెను పెంటయ్య బల్ల దగ్గర కూర్చోబెట్టి, కుండలోంచి నీళ్లు ముంచి ఇచ్చింది. కిష్టమ్మ తాగింది గానీ ఆమె కళ్లు గేటు వైపే ఉన్నాయి. ఆఫీసు గదిలో టెలిఫోను మోగింది. దూరం నుంచి వచ్చిన పిలుపు కావడంతో రామ్మోహనరావు గట్టిగా అరుస్తూ మాట్లాడటం షెడ్డంతా వినిపించింది. “వచ్చిందా? మొత్తం వచ్చిందా? మూత? ... ఆఁ ... ఆఁ ...” కాసేపటికి బయటికి వచ్చాడు. కిష్టమ్మ లేచి కొంగు కప్పుకుంది.

“బొమ్మ వచ్చిందటమ్మా. మూత కూడా బ్రహ్మాండంగా పడిందట. నీళ్లు కొట్టి చూశారట, చుక్క లోపలికి పోలేదట.”

“ఆయన ఏడున్నడు సారూ?”

రామ్మోహనరావుకు నవ్వాలో వద్దో తెలియలేదు. “పని పూర్తి కాగానే సముద్రం చూడ్డానికి వెళ్లాడటమ్మా. నిన్న పొద్దు గూకేదాకా అక్కడే నిలబడ్డాడట. పొద్దున మళ్లీ వెళ్లాడట. సారథి వెళ్లి పిలిస్తే, ఇంకొంచెం సేపు అన్నాడట.”

కిష్టమ్మ ధోవతి, చొక్కా ఒళ్లో పెట్టుకుని మళ్లీ కూర్చుంది. కొంతసేపటికి ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని సక్కుబాయి వంగి చూసింది. నవ్వుతోంది. కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయి.

“నిలబడనియ్యి,” అంది. “జర సేపు నిలబడనియ్యి ఆయనను.”

ఆమె వెళ్లిపోయాక సక్కుబాయి బల్ల కింద ఊడవడం మొదలుపెట్టింది. ఇనుప పొడి, విరిగిన రంపపు బద్దలు, ఆకుపచ్చ రంగు పెచ్చులు చీపురు ముందుకు వచ్చాయి. వాటి మధ్య, పెట్టె గోడలోంచి కోసిన నలుచదరపు ముక్క ఉంది. ఇనుప తుక్కు ఏరేటప్పుడు చేతులు కోసుకోవడం ఆమెకు అలవాటే. కొంగు చుట్టుకుని దాన్ని జాగ్రత్తగా ఎత్తింది. తరవాత కొంగు తీసేసి, వేలితో అంచు తడిమింది. నాలుగు పక్కలా నునుపుగా ఉంది. అంత తొందరలోనూ, పారేసే ముక్కకు కూడా అంచులు అరగదీసి పెట్టాడు. ఆమె దాన్ని తుక్కు గంపలో వేయలేదు. ఒక పక్క ఆకుపచ్చ రంగూ, రెండో పక్క ఉత్త ఇనుమూ ఉన్న ఆ ముక్క, ఒక మూలన సగం చెరిగిన సుద్దగీతతో, బల్ల మీద ఉండిపోయింది.